పలుచని పొర.. బరువైన పోటీ

ప్రపంచంలో ఏటా తయారయ్యే సోలార్ ప్యానెళ్లలో నూటికి 97కు పైగా సిలికాన్ పలకలతో చేసినవే. మిగిలిన రెండు మూడింటి తీరు వేరు. వాటిలో పలకలు ఉండవు. గాజు మీదనో, ఉక్కు రేకు మీదనో పరిచిన పొర ఒకటి ఉంటుంది. ఎండను కరెంటుగా మార్చే పని మొత్తం ఆ పొరదే. దాని మందం రెండు మూడు మైక్రాన్లు. సిలికాన్ పలక మందం 130 నుంచి 180 మైక్రాన్లు, మనిషి తలవెంట్రుకది సుమారు 70. వెంట్రుకను నిలువునా పాతిక ముక్కలుగా చీలిస్తే ఒక్కో ముక్క ఎంత ఉంటుందో ఈ పొర అంత ఉంటుంది. దీనికే థిన్ ఫిల్మ్ సోలార్ అని పేరు.

ఇంత తక్కువ సరుకుతో కరెంటు పుట్టించగలిగితే అది చవకగా ఉండాలి కదా అన్నదే యాభై ఏళ్లుగా ఈ సాంకేతికతను నడిపిస్తున్న ఆశ. ఆ ఆశతో వందల కోట్ల డాలర్లు పెట్టుబడిగా వచ్చాయి. పదుల సంఖ్యలో కంపెనీలు పుట్టి, చాలావరకు మూతపడ్డాయి. అయినా థిన్ ఫిల్మ్ అంతరించలేదు. చెన్నై దగ్గర భారీ కర్మాగారం నడుస్తోంది, అమెరికా ఎడారుల్లో కోట్ల ప్యానెళ్లు పనిచేస్తున్నాయి. ఇది ఎక్కడ గిట్టుబాటు అవుతుంది, ఎక్కడ కాదు అన్నది తేలాలంటే పొర మందం ఒక్కటే చూస్తే చాలదు. భౌతికశాస్త్రం, కర్మాగారం, గనులు, ప్రభుత్వ విధానం అన్నీ కలిపి చూడాలి.

వెలుగు ఎంత లోతుకు దిగుతుంది?

సూర్యకాంతి ఫోటాన్లనే చిన్న చిన్న శక్తి మూటలుగా వస్తుంది. ఫోటాన్ తాకినప్పుడు అర్ధవాహకంలోని ఎలక్ట్రాన్ తన కట్టు తెంచుకుని కదిలితే కరెంటు పుడుతుంది. ఆ కట్టు తెగడానికి కావలసిన కనీస శక్తిని బ్యాండ్ గ్యాప్ అంటారు. సిలికాన్‌కు అది 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు, థిన్ ఫిల్మ్‌లో ప్రధాన పదార్థమైన కాడ్మియం టెల్యూరైడ్‌కు దాదాపు 1.45. ఒకే పదార్థంతో చేసిన సెల్ ఎంత మేలుగా చేసినా ఎండలోని శక్తిలో సుమారు 33 శాతానికి మించి కరెంటుగా మార్చలేదని 1961లో విలియం షాక్లీ, హన్స్ క్వైసర్ లెక్కగట్టారు. ఆ హద్దుకు చేరువగా వెళ్లగల పదార్థాల్లో ఈ రెండూ ఉన్నాయి. ఆ లెక్క ప్రకారం చూస్తే రెంటికీ అవకాశం దాదాపు సమానమే.

తేడా కాంతిని పీల్చుకోవడంలో ఉంది. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ కదలాలంటే ఫోటాన్ తగలడంతోపాటు స్ఫటికంలోని కంపనం నుంచి ఒక తోపు కూడా అందాలి. రెండూ ఒకేసారి కుదరడం అరుదు కాబట్టి చాలా ఫోటాన్లు లోతుగా వెళ్లాక గానీ చిక్కవు. అందుకే సిలికాన్‌కు వంద మైక్రాన్లకు పైగా మందం కావాలి. కాడ్మియం టెల్యూరైడ్ లాంటి పదార్థాల్లో ఆ రెండో తోపు అవసరం లేదు. ఒకటి రెండు మైక్రాన్ల లోపే కనిపించే వెలుగు దాదాపు అంతా చిక్కిపోతుంది. పొర పలుచగా ఉండటానికి కారణం పొదుపు ఒక్కటే కాదు. అంతకు మించిన మందం దానికి అక్కర్లేదు.

పొర పలుచనైతే మరో లాభం ఉంది. కదిలిన ఎలక్ట్రాన్ అంచుకు చేరడానికి పోవలసిన దూరం తక్కువ. దారిలో మలినాలకో, స్ఫటిక లోపాలకో చిక్కి ఆగిపోయే ముప్పు తగ్గుతుంది. కాబట్టి సిలికాన్‌కు కావలసినంత శుద్ధమైన, ఏకస్ఫటిక పదార్థం ఇక్కడ అవసరం పడదు. చిన్న చిన్న రేణువుల పొరతోనే పని జరుగుతుంది.

మూడు పదార్థాలు, మూడు దారులు

ఈ కుటుంబంలో మొదట బజారుకెక్కింది అమార్ఫస్ సిలికాన్. స్ఫటికంగా కాక, పరమాణువులు క్రమం లేకుండా అమరిన సిలికాన్ ఇది. 1976లో అమెరికాలోని ఆర్‌సీఏ ప్రయోగశాలలో డేవిడ్ కార్ల్‌సన్, క్రిస్టఫర్ రాన్స్కీ దీనితో 2.4 శాతం సామర్థ్యం ఉన్న సెల్ చేశారు. 1980ల్లో ఎండకో, ట్యూబులైటు వెలుగుకో పనిచేసే కాలిక్యులేటర్లు ఇంటింటికీ వచ్చింది దీని చలవతోనే. అయితే ఎండ తగిలే కొద్దీ ఇది బలహీనపడుతుంది. మొదటి కొన్ని నెలల్లోనే సామర్థ్యంలో ఆరో వంతు, కొన్నిసార్లు నాలుగో వంతు కూడా పోతుంది. 1977లోనే గుర్తించిన ఈ లోపానికి స్టేబ్లర్–రాన్స్కీ ప్రభావం అని పేరు. ప్యానెల్ సామర్థ్యం పది శాతం దాటడమే గగనమైంది. కాలిక్యులేటర్‌కు సరిపోయిన పదార్థం విద్యుత్ కేంద్రానికి సరిపోలేదు.

రెండోది రాగి, ఇండియం, గాలియం, సెలీనియం కలిసిన సీఐజీఎస్. ప్రయోగశాలలో దీని సామర్థ్యం 23 శాతం దాటింది. ఉక్కు రేకు మీద, ప్లాస్టిక్ మీద కూడా పరచవచ్చు కాబట్టి వంగే ప్యానెళ్లు చేయడానికి అనువైనది. చిక్కంతా తయారీలో ఉంది. నాలుగు మూలకాల పాళ్లు పెద్ద గాజు పలక మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే తీరున ఉండాలి. చిన్న సెల్‌లో కుదిరినది రెండు మీటర్ల పలక మీద కుదరడం కష్టం. జపాన్‌లోని సోలార్ ఫ్రాంటియర్ ఈ దారిలో అందరికన్నా ముందుకు వెళ్లింది. మియజాకి ప్రాంతంలో 900 మెగావాట్ల వార్షిక ఉత్పత్తి కర్మాగారం నడిపింది. చివరికి చవక సిలికాన్ ముందు నిలవలేక ఈ తయారీకి స్వస్తి పలుకుతున్నట్లు 2021లో ప్రకటించింది.

మూడోది కాడ్మియం టెల్యూరైడ్. ఇందులో మూలకాలు రెండే. వేడి చేస్తే ఆవిరై, చల్లని ఉపరితలం మీద తిరిగి అదే నిష్పత్తిలో పేరుకుంటుంది. పాళ్లు తప్పుతాయన్న బెంగ తక్కువ. ఈ సుగుణమే దాన్ని పరిశ్రమకు దగ్గర చేసింది. ప్రయోగశాల సామర్థ్యం 22 శాతం దాటింది, బజారులోని ప్యానెల్ 19 శాతం దగ్గర ఉంది. ప్రస్తుతం ప్రపంచంలో అమ్ముడయ్యే థిన్ ఫిల్మ్‌లో దాదాపు అంతా ఇదే. అందులోనూ సింహభాగం ఫస్ట్ సోలార్ అనే ఒకే అమెరికన్ కంపెనీది.

ఇటు గాజు, అటు ప్యానెల్

సిలికాన్ ప్యానెల్ వెనక పొడవైన గొలుసు ఉంది. క్వార్ట్జ్ రాయిని ఆర్క్ కొలిమిలో కరిగించి సిలికాన్ తీయాలి. దాన్ని వాయువుగా మార్చి, శుద్ధి చేసి పాలీసిలికాన్ చేయాలి. మళ్లీ కరిగించి కడ్డీలుగా లాగాలి. కడ్డీలను వజ్రపు పొడి అద్దిన సన్నని తీగలతో పలకలుగా కోయాలి. ఆ పలకలతో సెల్స్ చేసి, ఒకదానికొకటి టంకం వేసి, గాజు కింద అమర్చాలి. ఒక్కో దశ ఒక్కో కర్మాగారంలో, కొన్నిసార్లు ఒక్కో దేశంలో జరుగుతుంది.

కాడ్మియం టెల్యూరైడ్ ప్యానెల్ కథ ఒకే కప్పు కింద మొదలై అక్కడే ముగుస్తుంది. పారదర్శక వాహక పూత ఉన్న గాజు పలక లోపలికి వెళ్తుంది. వేడి గదిలో ఆవిరి రూపంలో వచ్చిన పదార్థం దాని మీద పొరగా పేరుకుంటుంది. తర్వాత కాడ్మియం క్లోరైడ్ పూసి సుమారు 400 డిగ్రీల వద్ద కాలుస్తారు. పొరలోని రేణువుల మధ్య లోపాలు సర్దుకునేది, సామర్థ్యం పెరిగేది ఈ దశలోనే. లేజర్ కిరణంతో పొరను సన్నని పట్టీలుగా విడదీసి, పక్క పట్టీతో కలుపుతారు. టంకం వేయాల్సిన సెల్స్ విడిగా ఉండవు. వెనక మరో గాజు పలక అతికించి, తీగలు బిగిస్తే ప్యానెల్ సిద్ధం. గాజు లోపలికి వెళ్లిన నాలుగైదు గంటల్లో ప్యానెల్ బయటికి వస్తుంది.

శక్తి లెక్క కూడా ఇక్కడ కలిసొస్తుంది. ప్యానెల్ తయారీకి ఖర్చయిన శక్తిని అది తిరిగి పుట్టించడానికి పట్టే కాలం మంచి ఎండ ఉన్న చోట థిన్ ఫిల్మ్‌కు ఏడాది కన్నా తక్కువే. తయారీలో వెలువడే కర్బన వాయువులు కూడా సిలికాన్‌తో పోలిస్తే తక్కువ.

2008లో తెరుచుకున్న తలుపు

2000 దశకం మధ్యలో జర్మనీ, స్పెయిన్ ప్రభుత్వాలు సౌర విద్యుత్‌కు మంచి ధర ఇస్తామన్నాయి. ప్యానెళ్లకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. పాలీసిలికాన్ కర్మాగారాలు ఆ వేగం అందుకోలేకపోయాయి. 2008లో స్పాట్ మార్కెట్‌లో దాని ధర కిలోకు 400 డాలర్లు దాటింది. సిలికాన్ అక్కర్లేని ప్యానెల్‌కు ఇంతకన్నా మంచి అదను ఉండదు. 2008 చివరికి ఫస్ట్ సోలార్ తయారీ ఖర్చు వాట్‌కు 98 సెంట్లకు దిగింది. డాలర్ గీత దాటిన మొదటి కంపెనీ అదే. మరుసటి ఏడాది ఒకే సంవత్సరంలో 1000 మెగావాట్ల ప్యానెళ్లు చేసిన మొదటి కంపెనీ కూడా అదే అయింది. 2009లో ప్రపంచ ప్యానెళ్ల మార్కెట్‌లో థిన్ ఫిల్మ్ వాటా దాదాపు ఆరో వంతుకు చేరింది.

ఆ తలుపు రెండు మూడేళ్లే తెరిచి ఉంది. ధర చూసి చైనాతో సహా పలు దేశాల్లో కొత్త పాలీసిలికాన్ కర్మాగారాలు వెలిశాయి. 2011 చివరికి కిలో 30 డాలర్లకు పడిపోయింది. సిలికాన్ ఖరీదుగానే ఉంటుందన్న అంచనాలు తలకిందులయ్యాయి. కాలిఫోర్నియాలోని సోలిండ్రా కంపెనీ సీఐజీఎస్‌ను గొట్టాల ఆకారంలో చేసేది. అమెరికా ఇంధన శాఖ దానికి 53.5 కోట్ల డాలర్ల రుణ హామీ ఇచ్చింది. 2011లో అది దివాలా తీసింది. కొలరాడోలో కాడ్మియం టెల్యూరైడ్ ప్యానెళ్లు చేసిన అబౌండ్ సోలార్ 2012లో అదే బాట పట్టింది. అమార్ఫస్ సిలికాన్ ప్యానెళ్ల కోసం 5.7 చదరపు మీటర్ల భారీ గాజు పలకల యంత్రాలు అమ్మిన అప్లైడ్ మెటీరియల్స్ 2010లోనే ఆ వ్యాపారం వదులుకుంది. ఫస్ట్ సోలార్ కూడా 2012లో జర్మనీ కర్మాగారాన్ని మూసుకుంది.

ఈ పతనంలో కంపెనీలకే కాదు, కొన్నవాళ్లకూ నష్టం జరిగింది. ప్యానెల్‌కు 25 ఏళ్ల హామీ ఉంటుంది. హామీ ఇచ్చిన కంపెనీ ఐదేళ్లకే పోతే ఆ కాగితానికి విలువ లేదు. అప్పటి నుంచి బ్యాంకులు కొత్త థిన్ ఫిల్మ్ కంపెనీల ప్యానెళ్లు పెట్టే ప్రాజెక్టులకు అప్పు ఇవ్వడానికి జంకడం మొదలైంది. ఇచ్చినా వడ్డీ ఎక్కువ. ఆర్థిక లాభదాయకతలో ఇది కనిపించని బరువు.

దోసె పిండి లెక్క

థిన్ ఫిల్మ్ ఆర్థికం మొత్తం ఒక్క మాటలో ఉంది. పలుచనైంది పొర ఒక్కటే. దాని చుట్టూ ఉన్నవేవీ దానితోపాటు పలుచన కాలేదు. దోసె పలుచగా పోస్తే పిండి మిగులుతుంది. పెనం, పొయ్యి, గ్యాసు, పోసే మనిషి కూలి మాత్రం తగ్గవు. సోలార్ కేంద్రంలోనూ అంతే. గాజు, ఫ్రేము, ఉక్కు స్టాండ్లు, కేబుళ్లు, భూమి, చదును చేసే పని, బిగించే కూలి, కడిగే నీళ్లు, ఇవన్నీ ప్యానెల్ ఎన్ని చదరపు మీటర్లు పరుచుకుంటుందో దాన్ని బట్టి ఉంటాయి.

ప్రామాణిక పరీక్షలో చదరపు మీటరు మీద 1000 వాట్ల ఎండ పడుతుందని లెక్క. పది శాతం సామర్థ్యం ఉన్న ప్యానెళ్లతో ఒక మెగావాట్ కేంద్రం కట్టాలంటే 10,000 చదరపు మీటర్ల ప్యానెళ్లు కావాలి. 19 శాతమైతే సుమారు 5,260 చాలు. 22.5 శాతమైతే 4,440. పది శాతం పొరను ఉచితంగా ఇచ్చినా, రెట్టింపు గాజు, ఉక్కు, భూమి, కూలి ఖర్చు దాని లాభాన్ని మింగేస్తుంది. అమార్ఫస్ సిలికాన్ మునిగింది ఈ లెక్కలోనే. కాడ్మియం టెల్యూరైడ్ నిలిచింది కూడా ఈ లెక్క వల్లే. దాని పొర చవకగా ఉండటంతోపాటు సామర్థ్యం 19 శాతానికి ఎక్కింది.

మరోవైపు సిలికాన్ కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2004 ప్రాంతంలో వాట్‌కు సుమారు 16 గ్రాముల పాలీసిలికాన్ పట్టేది. పలకలు పలుచనై, కోత నష్టం తగ్గి, సామర్థ్యం పెరిగి అది రెండు గ్రాముల దగ్గరికి వచ్చింది. అంటే థిన్ ఫిల్మ్ ఇస్తానన్న ప్రధాన ప్రయోజనం, సరుకు పొదుపు, సిలికాన్ తనే చాలావరకు సాధించుకుంది. 2024లో చైనా ప్యానెళ్ల ధర వాట్‌కు పది సెంట్లకు దిగింది. ఒకప్పుడు డాలర్ గీత దాటడమే గొప్ప. ఇప్పుడు పోటీ అందులో పదో వంతు దగ్గర జరుగుతోంది.

సోలార్ కేంద్రానికి చివరికి లెక్కకొచ్చేది యూనిట్ ఖర్చు. కట్టిన ఖర్చు, వడ్డీ, నిర్వహణ అన్నీ కూడి, పాతికేళ్లలో వచ్చే యూనిట్లతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. 2017 మేలో రాజస్థాన్‌లోని భాద్లా పార్కు వేలంలో యూనిట్ 2 రూపాయల 44 పైసలకు పలికింది. ఆ స్థాయి ధరల్లో పైసల తేడాతోనే ప్రాజెక్టు చేతులు మారుతుంది. అందుకే ఏటా ప్యానెల్ ఎంత బలహీనపడుతుంది, వేడికి ఎంత నష్టపోతుంది అన్న చిన్న చిన్న అంకెలు పెద్ద విషయాలయ్యాయి.

రెంటచింతల ఎండ, కాకినాడ ఉక్కపోత

ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద కొలిచినవి. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గాలే 45 డిగ్రీలుంటే ప్యానెల్ 65 దాకా కాగుతుంది. కొలత కన్నా 40 డిగ్రీలు ఎక్కువ. పాతరకం సిలికాన్ ప్యానెల్ డిగ్రీకి సుమారు 0.4 శాతం నష్టపోతుంది. 100 వాట్ల ప్యానెల్ ఆ వేళ 84 వాట్లే ఇస్తుంది. కాడ్మియం టెల్యూరైడ్ నష్టం డిగ్రీకి 0.3 శాతం దగ్గర. అది 88 వాట్లు ఇస్తుంది. బ్యాండ్ గ్యాప్ ఎక్కువగా ఉండటం దీనికి కారణం.

తేమ ఉన్న చోట మరో అనుకూలత ఉంది. గాలిలోని నీటి ఆవిరి ఎండలోని పరారుణ భాగాన్ని పీల్చేస్తుంది. సిలికాన్ ఆ భాగం నుంచి కూడా కరెంటు తీసేది కాబట్టి ఉక్కపోత రోజుల్లో దాని రాబడి తగ్గుతుంది. కాడ్మియం టెల్యూరైడ్ ఆ భాగాన్ని ముందు నుంచీ వాడుకోదు, కాబట్టి పోగొట్టుకునేదీ తక్కువ. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో, వానాకాలపు గాలిలో ఈ తేడా దానికి మేలు చేస్తుంది.

ఇవి నిజమైన లాభాలే. కానీ పదేళ్ల కింద ఉన్నంత పెద్దవి కావు. టాప్‌కాన్ అనే కొత్తతరం సిలికాన్ సెల్స్ వేడి నష్టాన్ని డిగ్రీకి 0.3 శాతం దాకా తగ్గించుకున్నాయి. హెటెరోజంక్షన్ రకం ఇంకా కిందికి వెళ్లింది. చిత్రమేమిటంటే, ఆ హెటెరోజంక్షన్ సెల్‌లో సిలికాన్ పలకకు రెండు వైపులా పూసేది అమార్ఫస్ సిలికాన్ పొరనే. ఒకనాడు ఒంటరిగా ఓడిన పొర ఇప్పుడు సిలికాన్‌కు బలంగా మారింది.

భూమి దగ్గర లెక్క తిరగబడుతుంది. 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు ఆరు వేల ఎకరాల్లో పరుచుకుంది. బీడు భూమి చవకగా దొరికే చోట సామర్థ్యంలో రెండు మూడు శాతం తేడాను సర్దుకోవచ్చు. ఇంటి డాబా మీద అలా కుదరదు. మూడు కిలోవాట్లకు 22 శాతం ప్యానెళ్లయితే 14 చదరపు మీటర్లు, 19 శాతానివైతే దాదాపు 16 కావాలి. పైగా రెండు గాజు పలకల మధ్య ఉండే కాడ్మియం టెల్యూరైడ్ ప్యానెల్ పెద్దది, 30 కిలోలకు పైగా బరువుంటుంది. మేడ మీదికి ఎక్కించి బిగించడం చిన్న పని కాదు. అందుకే అది విశాలమైన కేంద్రాలకే పరిమితమైంది. కాలిఫోర్నియాలోని టోపాజ్, డెజర్ట్ సన్‌లైట్ కేంద్రాలు ఒక్కొక్కటి 550 మెగావాట్లు. రెండింటిలో కలిపి కోటీ 70 లక్షలకు పైగా ఇలాంటి ప్యానెళ్లు ఉన్నాయి.

భారత్‌లో థిన్ ఫిల్మ్

భారత్ 2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ ప్రకటించింది. మొదటి దశ ప్రాజెక్టుల్లో సిలికాన్ ప్యానెళ్లు దేశంలో తయారైనవే వాడాలని నిబంధన పెట్టింది. థిన్ ఫిల్మ్‌కు ఆ నిబంధన వర్తించలేదు. దేశంలో ఆ తయారీ చాలినంత లేకపోవడం వల్ల మినహాయింపు వచ్చింది. దీనికి తోడు అమెరికా ప్యానెళ్లు కొనేవారికి ఆ దేశ ఎగుమతి దిగుమతి బ్యాంకు తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక రుణాలు ఇచ్చింది. ఫలితంగా ప్రపంచమంతా సిలికాన్ వైపు మళ్లుతున్న రోజుల్లోనే భారత్‌లో మొదటి దశ ప్రాజెక్టులు సగానికి పైగా థిన్ ఫిల్మ్‌ను ఎంచుకున్నాయి. 2012లో రాజస్థాన్‌లోని పోఖ్రాన్ దగ్గర ప్రారంభమైన 40 మెగావాట్ల ధీరూభాయ్ అంబానీ సోలార్ పార్కు వాటిలో పేరున్నది. దేశీయ తయారీ నిబంధన మీద అమెరికా 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కింది. 2016లో తీర్పు భారత్‌కు వ్యతిరేకంగా వచ్చింది. సాంకేతికత ఎంపికను ఎండ, వేడి కన్నా ఒక నిబంధనలోని మినహాయింపు, ఒక బ్యాంకు వడ్డీ రేటు ఎక్కువగా నిర్ణయించిన సందర్భం ఇది.

తర్వాత దారి మారింది. దిగుమతి ప్యానెళ్ల మీద భారత్ 2022 ఏప్రిల్ నుంచి 40 శాతం సుంకం వేసింది. ఉత్పత్తికి ప్రోత్సాహకాలు ప్రకటించింది. ఫస్ట్ సోలార్ తమిళనాడులోని శ్రీపెరంబుదూరు దగ్గర పిళ్లైపాక్కంలో సుమారు 70 కోట్ల డాలర్లతో కర్మాగారం కట్టింది. 2024 జనవరిలో ప్రారంభమైన దీని వార్షిక సామర్థ్యం 3,300 మెగావాట్లు. చైనా పాలీసిలికాన్, చైనా పలకల మీద ఆధారపడకుండా గాజు నుంచి ప్యానెల్ దాకా ఒకే చోట తయారయ్యే వెసులుబాటు దేశానికి దీనివల్ల దక్కింది. అక్కడి ఉత్పత్తిలో కొంత అమెరికాకూ వెళ్లింది.

అమెరికాలో ఈ ప్యానెల్ నిలదొక్కుకోవడం వెనకా విధానమే ఉంది. 2022 నాటి ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం దేశంలో తయారైన ప్యానెల్‌కు పన్ను రాయితీ ఇచ్చింది. అన్ని దశలూ ఒకే చోట చేసే ఫస్ట్ సోలార్‌కు అది వాట్‌కు దాదాపు 17 సెంట్లు. చైనా ప్యానెల్ పూర్తి ధర కన్నా ఆ రాయితీయే ఎక్కువ. సుంకాలు, రాయితీలు లేని బహిరంగ పోటీలో కాడ్మియం టెల్యూరైడ్ ప్యానెల్ ప్రస్తుతం సిలికాన్ ధరను అందుకోలేదు. ఏదైనా ఒక దేశం తన సౌర సరఫరా మొత్తం మరో దేశం చేతిలో ఉండకూడదని కోరుకుంటే, ఆ భద్రతకు చెల్లించే ధరగా ఈ తేడాను చూడాలి.

ఒకే కంపెనీ మీద ఆధారపడటంలోనూ ముప్పు ఉంది. తన కొత్తరకం ప్యానెళ్లలో కొన్నింటికి తయారీ లోపాల వల్ల ముందుగానే శక్తి తగ్గే అవకాశం ఉందని ఫస్ట్ సోలార్ 2024లో స్వయంగా ప్రకటించింది. సిలికాన్‌లో ఒక కంపెనీ తడబడితే పది కంపెనీలు ఉంటాయి. ఇక్కడ ప్రత్యామ్నాయం దాదాపు లేదు.

టెల్యూరియం కొరత, కాడ్మియం భయం

సిలికాన్‌కు ముడిసరుకు ఇసుకలోనే ఉంది. టెల్యూరియం అలా కాదు. భూపటలంలో అది బంగారమంత అరుదు. దాని కోసం ప్రత్యేకంగా గనులు తవ్వడం చాలా అరుదు. రాగిని విద్యుత్ పద్ధతిలో శుద్ధి చేసేటప్పుడు తొట్టి అడుగున మిగిలే మడ్డి నుంచి దాన్ని తీస్తారు. ప్రపంచంలో ఏటా వచ్చేది వెయ్యి టన్నుల లోపే. అందులో ఎక్కువ భాగం చైనాది. 2025 ఫిబ్రవరిలో చైనా టెల్యూరియం, ఇండియంల ఎగుమతిపై నియంత్రణలు పెట్టింది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో రాగి శుద్ధి కేంద్రం నుంచి టెల్యూరియం తీసే పని 2022లో మొదలవడం వెనక ఇలాంటి ఆందోళనే ఉంది.

ఎంత అవసరమో లెక్క వేయవచ్చు. మూడు మైక్రాన్ల పొరలో చదరపు మీటరుకు తొమ్మిది గ్రాముల టెల్యూరియం ఉంటుంది. ఆ చదరపు మీటరు 190 వాట్లు ఇస్తే, 1000 మెగావాట్లకు దాదాపు 50 టన్నులు కావాలి. ప్రపంచ ఉత్పత్తి మొత్తం దీనికే మళ్లించినా ఏటా 20 వేల మెగావాట్లకు మించదు. 2024లో ప్రపంచం పెట్టుకున్న సౌర సామర్థ్యం ఆరు లక్షల మెగావాట్ల దరిదాపుల్లో ఉంది. పొరను ఇంకా పలుచన చేసినా, పాత ప్యానెళ్ల నుంచి టెల్యూరియం తిరిగి తీసినా ఈ హద్దు కొంత జరుగుతుంది గానీ తొలగదు. కాడ్మియం టెల్యూరైడ్ సిలికాన్‌కు తోడు కాగలదు, స్థానం మాత్రం తీసుకోలేదు.

కాడ్మియం విషపు లోహం కావడం మరో ప్రశ్న. చదరపు మీటరు పొరలో అది ఎనిమిది గ్రాముల దాకా ఉంటుంది. రెండు మూడు పాత నికెల్–కాడ్మియం పెన్సిల్ బ్యాటరీల్లో ఉండేంత. అయితే విడి కాడ్మియానికీ, టెల్యూరియంతో గట్టిగా బంధం కుదిరిన కాడ్మియానికీ తేడా ఉంది. విడి లోహం 321 డిగ్రీలకే కరుగుతుంది. ఈ సమ్మేళనం కరగాలంటే 1,040 డిగ్రీలు దాటాలి. నీటిలో కరగదు. రెండు గాజు పలకల మధ్య ఉన్నంతకాలం బయటికి వచ్చే దారి లేదు. ప్రశ్న అంతా ప్యానెల్ పగిలాక, కాలం తీరాక దాన్ని ఏం చేస్తారన్నది. ప్యానెళ్లను పొడి చేసి, ఆమ్లంలో కరిగించి, 90 శాతానికి పైగా అర్ధవాహకాన్ని తిరిగి రాబట్టే పద్ధతులు పరిశ్రమలో నడుస్తున్నాయి. భారత్‌లో 2022 నాటి ఇ-వ్యర్థాల నిబంధనలు సోలార్ ప్యానెళ్లకూ వర్తిస్తాయి. 2034–35 దాకా వచ్చే వ్యర్థ ప్యానెళ్లను తయారీదారులు నిల్వ ఉంచాలని అవి చెబుతున్నాయి. ఆ నిల్వ గోదాములోనే జరగాలి, పాత ఇనుము కొట్టులో కాదు. సిలికాన్ ప్యానెళ్ల టంకంలో సీసం ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త రెంటికీ అవసరమే.

పొర మీద పొర

థిన్ ఫిల్మ్‌కు ఇప్పుడు పెద్ద అవకాశం సిలికాన్‌ను ఓడించడంలో లేదు, దాని నెత్తికెక్కడంలో ఉంది. సిలికాన్ సెల్ సైద్ధాంతిక హద్దు 29.4 శాతం. ప్రయోగశాలలో అది ఇప్పటికే 27 దాటింది. ఇక మిగిలింది కొద్దే. సిలికాన్ మీద ఎక్కువ బ్యాండ్ గ్యాప్ ఉన్న పలుచని పొరను పరిస్తే, నీలం, ఆకుపచ్చ వెలుగును పై పొర పట్టుకుంటుంది. ఎరుపు, పరారుణం కిందికి జారి సిలికాన్‌కు చేరతాయి. ఇలాంటి జంట సెల్‌ను ట్యాండెమ్ అంటారు. దీని హద్దు 40 శాతం దాటుతుంది.

పై పొరకు ముందు వరుసలో ఉన్నది పెరోవ్‌స్కైట్. జపాన్‌లో సుతోము మియసాకా బృందం 2009లో దీనితో చేసిన సెల్ సామర్థ్యం 3.8 శాతమే. పదిహేనేళ్లలో అది 26 శాతం దాటింది. ఏ సౌర పదార్థమూ ఇంత వేగంగా ఎదగలేదు. సిలికాన్‌తో జతకట్టిన ట్యాండెమ్ సెల్‌తో చైనా కంపెనీ లోంగీ 2023లో 33.9, 2024లో 34.6 శాతం నమోదు చేసింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి పుట్టిన ఆక్స్‌ఫర్డ్ పీవీ జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్ కర్మాగారం నుంచి 24.5 శాతం సామర్థ్యం ఉన్న ప్యానెళ్లను 2024 సెప్టెంబరులో తొలిసారి విద్యుత్ కేంద్రానికి పంపింది. ముంబయి ఐఐటీ పరిశోధకులు దాదాపు 30 శాతం సామర్థ్యం ఉన్న ట్యాండెమ్ సెల్ చేశారు. పెరోవ్‌స్కైట్‌ను సిరాలా పూసి, 100–150 డిగ్రీల వద్ద ఆరబెట్టవచ్చు. పెద్ద కొలుములు అక్కర్లేదు.

దాని బలహీనత మన్నిక. తేమ, వేడి, అతినీలలోహిత కాంతి మూడూ దానికి శత్రువులే. 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచడం ప్యానెళ్లకు అంతర్జాతీయ ప్రామాణిక పరీక్ష. ఆ పరీక్ష గట్టెక్కడం ఒక మెట్టు, బయట పాతికేళ్లు నిలవడం వేరే మెట్టు. పై పొర పదేళ్లకే పాడైతే కింద ఉన్న మంచి సిలికాన్ కూడా దానితో పోతుంది. అదనపు సామర్థ్యం తెచ్చిన లాభం అక్కడే కరిగిపోతుంది.

అరుదైన మూలకాలు లేని పొరల కోసం వెతుకులాట తెలుగు నేల మీదా సాగుతోంది. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం దశాబ్దాలుగా థిన్ ఫిల్మ్ పరిశోధనకు పేరుపొందింది. తగరం, గంధకం కలిసిన టిన్ సల్ఫైడ్ పొరల మీద అక్కడ విస్తృతంగా పనిచేశారు. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థలో సీఐజీఎస్, పెరోవ్‌స్కైట్ పొరల మీద పరిశోధన జరుగుతోంది. రాగి, జింకు, తగరం, గంధకంతో చేసే కెస్టరైట్ పొర కూడా ఈ కోవలోదే. ముడిసరుకు చవకే గానీ, దాని సామర్థ్యం ఇంకా సిలికాన్‌కు చాలా దూరంలో ఉంది. దోసె పిండి లెక్క ఇక్కడా వర్తిస్తుంది. పొర ఎంత చవకైనా చదరపు మీటరు ఇచ్చే వాట్లు పెరగనిదే గిట్టుబాటు కాదు.

ఎక్కడ గిట్టుబాటు?

ఈ లెక్కలన్నీ కలిపితే హద్దులు స్పష్టంగా కనిపిస్తాయి. సాంకేతికంగా కాడ్మియం టెల్యూరైడ్ నిరూపితమైనది. విశాలమైన భూమి, మండే ఎండ, తేమ ఉన్న చోట, స్వదేశీ సరఫరాకు విలువ ఇచ్చే విధానం ఉన్న చోట అది ఆర్థికంగానూ నిలుస్తుంది. సుంకాలు లేని మార్కెట్‌లో, ఇంటి డాబా మీద సిలికాన్‌దే పైచేయి. సీఐజీఎస్ లాంటి వంగే పొరలకు రేకుల షెడ్లు, వాహనాలు, బరువు మోయలేని కప్పులు, భవనాల గాజు గోడలు సహజమైన చోట్లు. అక్కడ మామూలు ప్యానెల్ వెళ్లలేదు కాబట్టి వాట్‌కు కాస్త ఎక్కువ ధర పెట్టినా గిట్టుతుంది. అమార్ఫస్ సిలికాన్ చిన్న పరికరాల్లో, హెటెరోజంక్షన్ పూతగా మిగిలింది.

టెల్యూరియం లభ్యత కాడ్మియం టెల్యూరైడ్‌కు గరిష్ఠ పరిమితి విధిస్తుంది. ఆ పరిమితిని దాటి పెద్ద ఎత్తున విస్తరించే వీలున్నది సిలికాన్ మీద కూర్చునే పై పొరకే. అది సాధ్యమైతే ఒకే గాజు, ఒకే స్టాండు, ఒకే ఎకరం నుంచి మూడో వంతు దాకా ఎక్కువ కరెంటు వస్తుంది. పలుచన కాని ఖర్చులన్నీ అప్పుడు ఎక్కువ యూనిట్ల మీద పంచుకుంటాయి. అందుకు తీరాల్సిన షరతు ఒక్కటే. కింది సిలికాన్ బతికే పాతికేళ్లూ పైనున్న ఆ ఒక్క మైక్రాన్ పొర కూడా బతకాలి.